సముద్రంలో నిలవని ఇనుము: ఒక వివరణాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:

భూపటలంలో అధికంగా లభించే మూలకాలలో ఇనుముది నాలుగో స్థానం. అయినప్పటికీ సముద్రజలంలో కరిగిన ఇనుము సాధారణంగా లీటరుకు ఒక నానోమోల్‌కు మించదు. ఈ కొరత సరఫరా లేక ఏర్పడింది కాదు. చేరిన ఇనుము అక్కడ నిలవలేకపోవడం వల్ల ఏర్పడింది. ఆక్సిజన్, క్షారగుణం, ఉప్పు, మునిగిపోయే రేణువులు అనే నాలుగు అంశాలు ఇనుమును నీటి నుంచి ఎలా తొలగిస్తాయో, సేంద్రియ పదార్థాలు దానిలో కొంత భాగాన్ని ఎలా నిలుపుతాయో, ఈ లోటు సముద్రజీవంపై చూపే ప్రభావమేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: సముద్రజలం, కరిగిన ఇనుము, ఫెర్రస్, ఫెర్రిక్, నదీముఖం, లైగాండ్, వృక్ష ప్లవకాలు, లోహాఫెక్స్.

1. ప్రవేశిక

వర్షాకాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు అంతర్వేది వద్దా, యానాం వద్దా నది కలిసేచోట సముద్రం రంగు మారుతుంది. ఉపనదులు కోసుకొచ్చే మట్టిలోని ఐరన్ ఆక్సైడ్‌లే ఆ ఎరుపుకు ప్రధాన కారణం. ఏటా ఇంత ఇనుము ఒక్క నది నుంచే చేరుతుండగా, ప్రపంచంలోని నదులన్నీ కోట్ల సంవత్సరాలుగా ఇదే పని చేస్తుండగా, సముద్రంలో ఇనుము కొరత ఉందంటే మొదట నమ్మబుద్ధి కాదు.

కానీ లెక్క అలాగే ఉంది. ఒక టన్ను సముద్రజలంలో అన్ని లవణాలూ కలిపి సుమారు 35 కిలోగ్రాములు ఉంటాయి. అందులో సోడియం ఒక్కటే దాదాపు 11 కిలోగ్రాములు. అదే టన్ను నీటిలో కరిగిన ఇనుము ఒక మిల్లీగ్రాములో ముప్పయ్యో వంతు. భూపటలంలో ఇనుము బరువు సుమారు 5 శాతం. సోడియం అందులో సగం మాత్రమే. నేలమీద తక్కువగా ఉన్నది సముద్రంలో ముప్పై కోట్ల రెట్లు ఎక్కువగా ఉండటాన్ని బట్టి, సముద్రంలో ఏది ఎంత ఉందన్నది వచ్చిన దాని మీద కన్నా నిలిచిన దాని మీదే ఆధారపడుతుందని గ్రహించవచ్చు.

‘ఇనుము నీటిలో కరగదు కాబట్టి’ అని ఈ ప్రశ్నను ఒక్క మాటలో తేల్చివేయడం కద్దు. ఆ సమాధానం సగం మాత్రమే సత్యం. ఒకప్పటి సముద్రాలలో ఇనుము పుష్కలంగా కరిగి ఉండేది. నేటి సముద్రంలోనూ, కేవలం ద్రావణీయత సూత్రాల ప్రకారం ఉండవలసిన దానికంటే పదుల రెట్లు ఎక్కువ ఇనుమే ఉంది. కాబట్టి ఇంత తక్కువ ఎందుకున్నదన్న ప్రశ్నతోపాటు, ఇంతైనా ఎలా ఉన్నదన్న ప్రశ్నకు కూడా సమాధానం అవసరం.

2. కొలతలో వచ్చిన చిక్కు

ఈ విషయం శాస్త్రజ్ఞులకు ఆలస్యంగా తెలిసింది. దక్షిణ సముద్రంలో ప్లవకాల పెరుగుదలకు ఇనుము చాలకపోతుండవచ్చునని నార్వే శాస్త్రజ్ఞుడు గ్రాన్ 1930ల ఆరంభంలోనే సూచించాడు. కానీ దానిని రుజువు చేసే కొలతలు అర్ధశతాబ్దం పాటు సాధ్యపడలేదు. కారణం విచిత్రమైనది: కొలవడానికి వెళ్లిన ఓడ ఇనుముతో చేసినది. సీసాను దించే తీగ ఇనుము. గాలిలో ఎగిరే తుప్పు పొడి ఇనుము. నమూనాలోకి పడే ఒక్క తుప్పు రేణువు చాలు, అందులోని అసలు ఇనుమును మరుగుపరచడానికి. అందువల్ల పాత పట్టికలలో కనిపించే విలువలు చాలావరకు సముద్రానివి కావు, ఓడవి.

కాలిఫోర్నియాలో క్లెయిర్ ప్యాటర్సన్ సీసం కొలతల కోసం రూపొందించిన శుభ్ర ప్రయోగశాల పద్ధతులు ఈ పరిస్థితిని మార్చాయి. ఆమ్లంతో కడిగిన ప్లాస్టిక్ సీసాలు, లోహం కాని తాళ్లు, వడగట్టిన గాలి గల గదులు వచ్చాయి. జాన్ మార్టిన్ బృందం ఈశాన్య పసిఫిక్ జలాలపై 1982లో ప్రచురించిన ఫలితాలు ఒక నానోమోల్‌కు లోపలి విలువలను చూపాయి. లోతైన నీటిలో సగటున లీటరుకు సుమారు 0.6 నానోమోల్‌లు, తీరానికి దూరంగా ఉండే ఉపరితల జలాలలో చాలాచోట్ల 0.1 నానోమోల్‌కు కూడా తక్కువ అని తరువాతి పరిశీలనలు స్థిరపరిచాయి. ఒక నానోమోల్ ఇనుము అంటే సుమారు 56 నానోగ్రాములు. గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే వాటిలో 56.

3. ‘కరిగిన’ అనే విశేషణం

ఇక్కడ ఒక మాట విషయంలో జాగ్రత్త అవసరం. తెలుగులో మంచు కరుగుతుంది, వెన్న కరుగుతుంది, ఉప్పూ కరుగుతుంది. వేడికి ద్రవంగా మారడానికీ, ద్రవంలో కలిసిపోవడానికీ వాడుకభాషలో క్రియ ఒక్కటే. సందర్భాన్ని బట్టి అర్థం తెలుస్తుంది కాబట్టి అది ఇబ్బంది కాదు. అసలు ఇబ్బంది శాస్త్ర పరిభాషలోనే ఉంది. సముద్ర రసాయనంలో ‘కరిగిన ఇనుము’ అంటే 0.2 మైక్రోమీటర్ల రంధ్రాలు గల వడపోత పొర గుండా దాటిపోయిన ఇనుము అని అర్థం. పూర్వం 0.45 మైక్రోమీటర్ల పొరను వాడేవారు. అంటే ఇది ప్రకృతి గీసిన గీత కాదు, జల్లెడ గీసిన గీత. ఆ జల్లెడ దాటినదంతా ఉప్పులా విడివిడి అయాన్‌లుగా ఉన్నదని చెప్పలేం. అందులో గణనీయమైన భాగం కంటికి కనిపించనంత సన్నని రేణువులు, అంటే కొల్లాయిడ్‌లు. నదీజలంలో ఈ భాగం మరీ ఎక్కువ. నదీముఖంలో జరిగేది అర్థం కావడానికి ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

4. రెండు రూపాల ఇనుము

నీటిలో ఇనుము రెండు రూపాలలో ఉండగలదు. రెండు ఎలక్ట్రాన్‌లు కోల్పోయినది ఫెర్రస్, మూడు కోల్పోయినది ఫెర్రిక్. మొదటిది నీటిలో సులభంగా కరుగుతుంది. రెండోది దాదాపు కరగదు. ఈ ఒక్క ఎలక్ట్రాన్ తేడాయే మొత్తం కథకు మూలం.

దీనిని చూడటానికి సముద్రం దాకా పోనక్కరలేదు. ఇనుము ఎక్కువగా ఉన్న బోరునీరు తోడిన వెంటనే తేటగా ఉంటుంది. బిందెలో కొంతసేపు ఉంచితే పసుపుగా మారి, అడుగున ఎర్రని మడ్డి చేరుతుంది. భూగర్భంలో ఆక్సిజన్ లేనిచోట ఫెర్రస్ రూపంలో కరిగి ఉన్న ఇనుము, గాలి తగలగానే ఫెర్రిక్‌గా మారి నీటితో కలిసి హైడ్రాక్సైడ్‌గా పేరుకుంటుంది. బిందె అడుగున చేరిన మడ్డి అదే.

సముద్రం ఈ మార్పుకు మరింత అనువైన చోటు. ఉపరితల జలాల పి.హెచ్. విలువ సుమారు 8.1, అంటే స్వల్ప క్షారగుణం. పి.హెచ్. పెరిగేకొద్దీ ఫెర్రస్ ఇనుము ఆక్సీకరణ వేగం విపరీతంగా పెరుగుతుంది. 25 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద, ఆక్సిజన్ నిండుగా ఉన్న సముద్రజలంలో ఫెర్రస్ ఇనుములో సగం కొద్ది నిమిషాలలోనే ఫెర్రిక్‌గా మారుతుంది. ధ్రువ ప్రాంతాల చల్లని నీటిలో ఇదే పని చాలా నెమ్మదిగా సాగుతుంది. ఇలా ఏర్పడిన ఫెర్రిక్ అయాన్ ఒంటరిగా ఉండదు. నీటి అణువుల నుంచి హైడ్రాక్సైడ్‌ను గ్రహించి రేణువుగా కూడుకుంటుంది. సముద్రపు పి.హెచ్. వద్ద, సేంద్రియ పదార్థాల సాయం లేకుండా కరిగి ఉండగల ఫెర్రిక్ ఇనుము లీటరుకు నానోమోల్‌లో వందో వంతు స్థాయిని మించదని ప్రయోగాలు తెలుపుతున్నాయి. సూర్యకాంతి పగటిపూట కొంత ఫెర్రిక్‌ను తిరిగి ఫెర్రస్‌గా మారుస్తుంది గానీ, ఆ లాభం ఎక్కువసేపు నిలవదు.

ఈ వివరణకు నేటి సముద్రమే సాక్ష్యమిస్తుంది. ఆక్సిజన్ తగ్గినచోట ఇనుము పెరుగుతుంది. నల్ల సముద్రంలో సుమారు నూరు, నూటయాభై మీటర్ల లోతు దాటితే ఆక్సిజన్ ఉండదు. ఆ సరిహద్దుకు దిగువన కరిగిన ఇనుము వందల నానోమోల్‌ల స్థాయికి చేరుతుంది. భారతదేశానికి పడమర ఉన్న అరేబియా సముద్రపు మధ్యపొరలలో ఆక్సిజన్ అత్యల్పంగా ఉన్నచోట ఫెర్రస్ ఇనుమును గుర్తించారు.

5. నదీముఖంలో జరిగే నష్టం

నదీజలంలో కరిగిన ఇనుము ప్రపంచ సగటున లీటరుకు సుమారు 40 మైక్రోగ్రాములు. ఇది సముద్రజలంలోని ఇనుముకు వెయ్యి రెట్లకు పైమాట. ఆ నీరు సముద్రంలో కలిసినప్పుడు కేవలం పలచబడటమే జరిగితే, ఉప్పు పెరిగే నిష్పత్తిలోనే ఇనుము తగ్గాలి. కానీ అంతకంటే చాలా వేగంగా తగ్గుతుంది. ఎడ్వర్డ్ షోల్కోవిట్జ్ స్కాట్లాండ్ నదుల నీటిని సముద్రజలంతో కలిపి చేసిన ప్రయోగాలను 1976లో ప్రచురించాడు. నీళ్లు రెండూ కలిసిన కొద్దిసేపటికే ఇనుము, దానితోపాటు హ్యూమిక్ పదార్థాలు తుట్టెలుగా కట్టి వేరుపడ్డాయి. తరువాత అనేక నదీముఖాలలో జరిగిన పరిశీలనలు నది తెచ్చిన కరిగిన ఇనుములో తరచుగా 90 శాతం వరకూ అక్కడే పోతుందని చూపాయి.

దీనికి కారణం కొల్లాయిడ్‌ల స్వభావం. నదిలోని సన్నని ఇనుప రేణువులను కుళ్లిన ఆకులు, మట్టి నుంచి వచ్చిన హ్యూమిక్ పదార్థాలు కప్పి ఉంచుతాయి. వాటి ఉపరితలంపై ఋణావేశం ఉంటుంది. ఒకే ఆవేశం గల రేణువులు ఒకదానినొకటి నెట్టుకుంటాయి కాబట్టి నీటిలో విడివిడిగా తేలుతుంటాయి. సముద్రజలంలోని సోడియం, మెగ్నీషియం, కాల్షియం అయాన్‌లు ఆ ఆవేశాన్ని అణచివేస్తాయి. నెట్టుకునే బలం పోగానే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి, కిందికి దిగుతాయి. వరదనీటి బిందెలో పటిక తిప్పితే మట్టి విరిగి అడుగుకు చేరడం దాదాపు ఇటువంటి ప్రక్రియే. గోదావరి సముద్రంలో కలిసేచోట పటిక చేసే పనిని ఉప్పు చేస్తుంది. పటిక తెలియని కాలంలోనూ, తెలిసిన తరువాతా పల్లెల్లో ఇండుప గింజను బిందె లోపల అరగదీసి నీటిని తేర్చిన పద్ధతికీ రేణువులను కలిపి దించడమే ఆధారం.

వడపోత పొర దాటినంత మాత్రాన ‘కరిగినది’ అని లెక్కించిన ఇనుము నిజానికి కరిగి లేదని ఈ ప్రక్రియ బయటపెడుతుంది. అయితే నదీముఖంలో అడుగుకు చేరినదంతా శాశ్వతంగా పోయినట్టు కాదు. తీరపు బురదలో ఆక్సిజన్ లేనిచోట సూక్ష్మజీవులు ఫెర్రిక్‌ను తిరిగి ఫెర్రస్‌గా మారుస్తాయి. అందులో కొంత పైనీటిలోకి ఊరుతుంది. తీరానికి దగ్గరి జలాలలో ఇనుము కొంత ఎక్కువగా కనిపించడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం.

6. నడి సముద్రంలో

తీరం దాటిన తరువాత ఇనుము వచ్చే దారులు తక్కువ. సహారా, అరేబియా వంటి ఎడారుల నుంచి గాలి మోసుకొచ్చే ధూళి ఒకటి. సముద్రగర్భంలోని వేడినీటి బుగ్గలు మరొకటి. ధూళిలోని ఇనుములో స్వల్పభాగమే కరుగుతుంది. బుగ్గల నుంచి వెలువడే ఇనుములో అధికభాగం సమీపంలోనే పేరుకుపోతుందని చాలాకాలం భావించారు. అయితే దక్షిణ పసిఫిక్‌లో అటువంటి ఇనుము లోతుపొరలలో 4,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణించడాన్ని 2015లో ప్రచురితమైన పరిశోధన చూపింది.

ఎక్కడి నుంచి వచ్చినా, నీటిలో నిరంతరం కిందికి రాలుతుండే రేణువులు ఇనుమును వెంట తీసుకుపోతాయి. చనిపోయిన ప్లవకాలు, వాటి పెంకులు, జంతు ప్లవకాల విసర్జనలు, ధూళి కణాలు కలిసి సముద్రంలో ఆగని సన్నని వానలా కురుస్తుంటాయి. ఇనుము ఏ ఉపరితలం దొరికినా అతుక్కునే గుణం గలది. కాబట్టి ఈ వాన దానిని ఊడ్చివేస్తుంది. ఒక మూలకం సముద్రంలో సగటున ఎంతకాలం ఉంటుందో దానిని నివాసకాలం అంటారు. సోడియం నివాసకాలం కోట్ల సంవత్సరాలలో ఉంటే, ఇనుముది పదుల నుంచి కొన్ని వందల సంవత్సరాలు. సముద్రజలం మొత్తం ఒకసారి కలగలిసిపోవడానికే సుమారు వెయ్యేళ్లు పడుతుంది. అంటే అన్నిచోట్లకూ సమానంగా చేరేలోపే ఇనుము రాలిపోతుంది. ఉప్పదనం అన్ని మహాసముద్రాలలోనూ ఇంచుమించు ఒకే తీరుగా ఉండగా, ఇనుము మాత్రం చోటును బట్టి మారుతుండటానికి కారణమిదే.

7. ఇంతైనా ఎలా నిలిచింది?

ద్రావణీయత అనుమతించేది నానోమోల్‌లో వందో వంతు. లోతులలో కొలిస్తే కనిపించేది 0.6 నానోమోల్‌లు. ఈ వ్యత్యాసానికి సమాధానం 1990ల మధ్యలో దొరికింది. 1994లో గ్లెడ్‌హిల్, వాన్ డెన్ బెర్గ్, 1995లో రూ, బ్రూలాండ్ వేర్వేరుగా ప్రచురించిన పరిశోధనలు కరిగిన ఇనుములో 99 శాతానికి పైగా సేంద్రియ అణువులతో బంధించబడి ఉందని చూపాయి. ఇనుమును ఇలా పట్టి ఉంచే అణువులనే లైగాండ్‌లు అంటారు. వీటిలో కొన్ని బాక్టీరియా ఇనుము కోసమే తయారుచేసి నీటిలోకి వదిలే సిడెరోఫోర్‌లు. మరికొన్ని జీవుల కణాలు విచ్ఛిన్నమైనప్పుడు విడుదలయ్యేవి, మట్టి నుంచి కొట్టుకొచ్చే హ్యూమిక్ పదార్థాలు.

ఈ ఫలితం ప్రశ్న స్వరూపాన్నే మార్చింది. సముద్రంలో ఇనుము ఎంత ఉండాలన్నది కేవలం రసాయనం నిర్ణయించే విషయం కాదు. జీవులు, వాటి అవశేషాలు తయారుచేసిన లైగాండ్‌లు ఎంత ఉంటే ఇనుము దాదాపు ఆ మేరకు నిలుస్తుంది. మిగిలినది రాలిపోతుంది. లోతుపొరలలో ఇనుము విలువలు ఒక నానోమోల్‌కు లోపలే ఎందుకు ఆగుతాయో లైగాండ్‌ల మోతాదును చూస్తే చాలావరకు అర్థమవుతుంది.

8. ఇనుము నిండిన పాత సముద్రం

సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రితం వరకు వాతావరణంలో ఆక్సిజన్ దాదాపు లేదు. నాటి సముద్రాలలో ఇనుము ఫెర్రస్ రూపంలో, నేటికంటే వేల నుంచి లక్ష రెట్ల మోతాదులో కరిగి ఉండేదని భూశాస్త్రజ్ఞుల అంచనా. సయానోబాక్టీరియా కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆక్సిజన్‌ను విడుదల చేయడం మొదలైన తరువాత ఆ ఇనుము క్రమంగా తుప్పుగా మారి అడుగుకు చేరింది. సిలికా పొరలు, ఇనుప పొరలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే పట్టీల శిలలలో ఆ కాలపు ఇనుము నిక్షిప్తమై ఉంది. కొన్నిచోట్ల ఆక్సిజన్ ప్రమేయం లేకుండా ఇనుమునే వాడుకునే బాక్టీరియా కూడా ఈ పని చేసి ఉండవచ్చు.

ఆస్ట్రేలియాలోని హ్యామర్‌స్లీ కొండలు ఈ శిలలకు ప్రసిద్ధి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా, బళ్లారి జిల్లాలోని సండూరు శ్రేణి ఖనిజాలు కూడా ఈ జాతివే. బైలదిల్లా ఖనిజం కిరండోల్–కొత్తవలస రైలుమార్గం మీదుగా విశాఖపట్నం చేరుతుంది. అక్కడి రేవులో ఓడలకెత్తే ఎర్రరాయి వందల కోట్ల సంవత్సరాల క్రితం సముద్రంలో కరిగి ఉన్న ఇనుమే. ఆ రేవును తాకే నీటిలో మాత్రం అది నేడు లేశమాత్రంగా మిగిలింది.

ఇందులో జీవశాస్త్రపరమైన వైచిత్రి ఒకటి ఉంది. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ, నత్రజని స్థాపన జరిపే ప్రోటీన్‌లలో ఇనుము కీలకం. ఇనుము పుష్కలంగా ఉన్న కాలంలో జీవులు దానిని విచ్చలవిడిగా వాడుకునే యంత్రాంగాన్ని నిర్మించుకున్నాయి. అదే యంత్రాంగం విడుదల చేసిన ఆక్సిజన్ వాటికి ఇనుమును దూరం చేసింది.

9. లోటు ఫలితం, లోహాఫెక్స్ ప్రయోగం

దక్షిణ సముద్రం, భూమధ్యరేఖా పసిఫిక్, ఉత్తర పసిఫిక్ ఉపధ్రువ ప్రాంతం – ఈ మూడుచోట్ల ఉపరితలంలో నైట్రేట్, ఫాస్ఫేట్ మిగిలిపోయి ఉన్నా వృక్ష ప్లవకాలు తక్కువ. సముద్ర వైశాల్యంలో ఇటువంటి జలాలు సుమారు మూడో వంతు. ప్లవకాల శరీరంలో దాదాపు లక్ష కార్బన్ పరమాణువులకు ఒక ఇనుము పరమాణువు చాలునని మార్టిన్ అంచనా. ఆ ఒక్కటే అక్కడ దొరకదు. మంచుయుగాలలో గాలి అధికంగా ధూళిని మోసుకొచ్చినందువల్ల ప్లవకాలు పెరిగి, వాతావరణంలోని కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించి ఉంటాయని ఆయన 1990లో ప్రతిపాదించాడు. సగం ట్యాంకరు ఇనుము ఇస్తే మంచుయుగాన్ని తెస్తానని అంతకు రెండేళ్ల ముందే ఒక సభలో చమత్కరించాడు. చమత్కారమే అయినా, అది తరువాతి చర్చలన్నిటికీ నీడలా అంటిపెట్టుకుంది.

మార్టిన్ 1993 జూన్‌లో మరణించాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆయన సహచరులు గలాపగోస్ దీవులకు దక్షిణాన 64 చదరపు కిలోమీటర్ల సముద్రంలో సుమారు 450 కిలోల ఇనుమును కలిపారు. ప్లవకాలు పెరిగాయి. 1995లో జరిగిన రెండో ప్రయోగంలో పెరుగుదల మరింత స్పష్టంగా కనిపించింది. అయితే కలిపిన ఇనుము త్వరగా మాయమవుతుండటంతో పదే పదే కలపవలసి వచ్చింది. సముద్రం ఇనుమును ఎంత వేగంగా వదిలించుకుంటుందో ప్రయోగకర్తల కళ్ల ముందే తేలింది.

2009 జనవరి–మార్చి నెలల్లో భారత్, జర్మనీ శాస్త్రజ్ఞులు కలిసి దక్షిణ అట్లాంటిక్‌లో ‘లోహాఫెక్స్’ ప్రయోగం చేశారు. గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ, జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగనర్ సంస్థ దీనిని నిర్వహించాయి. పేరులోని ‘లోహ’ హిందీ మాట. అక్కడ దానికి ఇనుమనే అర్థం. తెలుగులో లోహమంటే ఏ ధాతువైనా కావచ్చు కాబట్టి తెలుగువారికి ఆ పేరు కొంత అస్పష్టంగా తోచడం సహజం. సముద్రాన్ని ఇలా మార్చే హక్కు ఎవరికుందని పర్యావరణ సంఘాలు ప్రశ్నించడంతో, ఓడ బయలుదేరిన తరువాత జర్మనీ ప్రభుత్వం ప్రయోగాన్ని కొంతకాలం నిలిపి, సమీక్ష అనంతరం అనుమతించింది. కార్బన్ తగ్గించే పేరిట సముద్రంలో ఇనుము చల్లి లాభం పొందాలనుకున్న వాణిజ్య సంస్థల ఉత్సాహాన్ని దృష్టిలో ఉంచుకుంటే ఆ ఆక్షేపణను కొట్టిపారేయలేం. చిన్న ప్రయోగమైనా లేకుండా ఆ సంస్థల వాదాన్ని పరీక్షించడమూ సాధ్యం కాదు.

ఒక సుడిలోని 300 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో మొదట పది టన్నుల ఫెర్రస్ సల్ఫేట్‌ను, తరువాత మరికొంత కలిపారు. రెండు వారాలలో వృక్ష ప్లవకాలు రెట్టింపయ్యాయి. అంతకుమించి పెరగలేదు. కోపెపాడ్‌లనే జంతు ప్లవకాలు వాటిని తినివేశాయి. ఆ కోపెపాడ్‌లను వాటికంటే పెద్దవైన ఆంఫిపాడ్‌లు తిన్నాయి. లోతులకు దిగిన కార్బన్ స్వల్పం. అంతకుముందు జరిగిన అనేక ప్రయోగాలలో విజృంభించిన డయాటమ్‌లు ఇక్కడ పెరగలేదు. డయాటమ్‌ల పెంకు సిలికాతో ఏర్పడుతుంది. ఆ జలాలలో సిలికా ముందే అయిపోయి ఉంది. ఇనుము లోటు తీరగానే ఆ సుడిలో సిలికా లోటు బయటపడింది.